తొమ్మిదో ఇంట్లో ఇద్దరు వియ్యపురాళ్ళు

ఒకానొక రాజ్యంలో ఒక రాజు, చేద్దామంటే యుద్ధం లేక, వెళ్దామంటే వేటకి వానలు ఆగక, ఒక వానాకాలమంతా కూర్చుని జ్యోతిష్యం నేర్చుకున్నాడు. ఆ రాజ్యం కుందవరం. ఆ రాజు వీరకేసరి.

నేర్చుకుంటే నేర్చుకున్నాడు, ఎవరికీ అభ్యంతరం లేదు. నేర్చుకున్నదాన్ని మనసులో దాచుకోలేకపోయాడు, అదీ వచ్చిన చిక్కు. వంటవాడి జాతకంలో చంద్రుడు నీచపడ్డాడని వాణ్ణి పాలు కాచనివ్వలేదు. మావటివాడికి రాహువు బాగాలేడని ఏనుగుల సాల నుంచి గుర్రాల సాలకి మార్చాడు. మావటివాడు ఏనుగు కోసం ఏడ్చాడు, ఏనుగు మావటివాడి కోసం మేత ముట్టలేదు.

"చూశావా తిప్పన్నా, రాహువు ఎంత పని చేశాడో" అన్నాడు రాజు.

తిప్పన్నకి ఆ కొలువులో పేరున్న పదవి ఏదీ లేదు. రాజుకి కాలక్షేపం చెయ్యడం, కోపం వచ్చినప్పుడు నవ్వించడం, నవ్వకూడని చోట తాను నవ్వకుండా ఉండడం, ఇదీ అతని ఉద్యోగం. "అవును ప్రభూ, రాహువు చేసిన పనే" అని తల వంచుకున్నాడు. రాజుతో వాదించి గెలిచినవాణ్ణి అతను ఇంతవరకూ చూడలేదు. గెలిచానని అనుకుని ఊరు మారినవాళ్ళని మాత్రం చూశాడు.

ఇలా ఉండగా పెళ్ళయిన చాలా ఏళ్ళకి రాణి కమలాంబిక నెల తప్పింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కాని ప్రయాణానికి గ్రహాలు అనుకూలంగా లేవని రాజు పంపలేదు. చేసేది లేక రాణిగారి తల్లే వచ్చి కోట పక్కన విడిదిలో దిగింది. ఒక మంచి ఉదయాన కాన్పయింది.

బిడ్డ నేలమీద పడ్డ క్షణాన మంత్రసాని పురిటిగది తలుపు సందులోంచి నిమ్మపండు దొర్లించడం అక్కడి ఆనవాయితీ. బయట కూర్చున్న సిద్ధాంతి దాన్ని అందుకుని, అదే పుట్టిన వేళగా లెక్క కడతాడు. ఈసారి ఆస్థాన సిద్ధాంతి అహోబలయ్య నడుం వంచేలోపలే రాజు ఒక్క దూకు దూకి పండు అందుకున్నాడు. ఆడపిల్లా మగపిల్లాడా అని కూడా అడగకుండా అక్కడే నేలమీద సుద్దముక్కతో చక్రం గీశాడు. గీసి, అలాగే కూలబడ్డాడు.

"తొమ్మిదో ఇంట్లో శని, కుజుడు కలిసి కూర్చున్నారు."

జాతకంలో తొమ్మిదో ఇల్లు తండ్రిది. శని, కుజుడు ఇద్దరూ పాపగ్రహాలే. పైగా ఒకరంటే ఒకరికి పడదు. అలాంటి ఇద్దరూ వెళ్ళి వెళ్ళి రాజుగారి ఇంట్లో చేరారు.

మర్నాడు సభలో రాజు గొంతు సవరించుకుని ఫలం చెప్పాడు. "తండ్రికి గండం. సింహాసనం దిగిపోతాడు. కిరీటం నేలపాలవుతుంది. ఆ ఇంట్లో చేరిన శత్రువులిద్దరూ కలిసి తండ్రి మీద పడతారు."

అహోబలయ్య మెల్లగా లేచాడు. "ప్రభూ, ఆ ఇంటిమీద గురువు చూపు ఉంది. ఎంత దోషమైనా పలచబడుతుంది. ఒక శాంతి చేయిస్తే..."

"గురువు వక్రించి ఉన్నాడు."

"వక్రించినా చూపు చూపే, ప్రభూ."

"సిద్ధాంతిగారూ, మీది పాత పద్ధతి. చూపులూ గీపులూ చేతగానివాళ్ళు పట్టుకు వేలాడేవి" అన్నాడు రాజు. జుట్టు నెరిసేదాకా చదువుకున్న ఆ పెద్దమనిషి, ఒక్క వానాకాలం చదువు ముందు నోరు మెదపలేక కూర్చున్నాడు.

రాజు తీర్పు చెప్పేశాడు. ఉయ్యాల వేడుక కాగానే తల్లీబిడ్డలు పొలిమేరలో ఉన్న కొండకోటకి వెళ్ళిపోవాలి. పన్నెండేళ్ళపాటు తండ్రి ఆ బిడ్డ మొహం చూడకూడదు. ఈ మాట తన తల్లి చెవిని గాని అత్తగారి చెవిని గాని పడకూడదని మరీ మరీ చెప్పాడు. గ్రహాలకి ఎంత భయపడ్డాడో తెలియదు గాని, వాళ్ళిద్దరికీ మాత్రం బాగా భయపడ్డాడు. కొలువు మీద ఆశ ఉన్నవాళ్ళెవరూ అంతఃపురంలో ఆ మాట ఎత్తలేదు.

ఎత్తకపోతేనేం, రాణికి తెలిసిపోయింది. తిప్పన్నని పిలిపించి తలుపు చాటునుంచి మాట్లాడింది.

"తిప్పన్నగారూ, ఆయన పిల్లని ఇంకా చూడనైనా చూడలేదు. చూస్తే పంపగలరా?"

"మీ అమ్మగారితో అనకపోయారా తల్లీ?" అన్నాడు తిప్పన్న.

"అంటే ఏమవుతుంది? ఇదంతా మా అత్తగారి పన్నాగం అంటుంది మా అమ్మ. అత్తగారితో అంటే, మీ అమ్మ వచ్చిన వేళ ఇలా ఉంది అంటారు. వాళ్ళ గొడవలో పడి పిల్ల సంగతి ఎవరికీ పట్టదు. పన్నెండేళ్ళంటే దాని చిన్నతనమంతా అయిపోతుందండీ. నాన్నా అని ఎవర్ని పిలుస్తుంది?"

తిప్పన్న కొలువులో చేరాక మొదటిసారి చమత్కారం తోచక, కళ్ళు తుడుచుకుని బయటికొచ్చాడు. వస్తూ వస్తూ వసారా మలుపులో ఆగిపోయాడు. పురిటిగది గోడకి చెవి ఆనించి మహారాజు నిలబడి ఉన్నాడు. లోపల పసిపిల్ల ఏడుస్తోంది.

తిప్పన్నని చూసి రాజు ఉలిక్కిపడ్డాడు. "గోడ చెమ్మ పట్టిందేమోనని చూస్తున్నాను."

"పట్టిందా ప్రభూ?"

"పట్టినట్టే ఉంది" అన్నాడు రాజు. గోడ ఎండిపోయి పెళుసుగా ఉంది. ఇంతలో లోపల ఏడుపు ఆగింది. రాజు ఇంకాసేపు నిలబడ్డాడు, మళ్ళీ ఏడుస్తుందేమోనని. ఏడవలేదు. చిన్నబోయిన మొహంతో వెళ్ళిపోయాడు.

అప్పుడు అర్థమైంది తిప్పన్నకి. రాజుకి కూతురు కావాలి. కాని నిండు సభలో చెప్పిన ఫలం తప్పని ఒప్పుకోవడం ఆయన ప్రాణం మీదికొచ్చినా జరగదు. కొమ్మెక్కి కూర్చున్న మనిషిని దిగు దిగు అంటే ఇంకా పైకి ఎక్కుతాడు. దిగడానికి నిచ్చెన వెయ్యాలి, అదీ తనే వేసుకున్నానని ఆయన అనుకోవాలి.

మర్నాడు సభలో తిప్పన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, మీరు చెప్పిన ఫలం అక్షరాలా నిజం."

అహోబలయ్య అతనికేసి జాలిగా చూశాడు.

"కాని నాకు నిద్ర పట్టలేదు. గండం వస్తుందన్నారు, ఏ రూపంలో వస్తుందో సెలవివ్వలేదు. కత్తి రూపంలోనా, జ్వరం రూపంలోనా? పిల్లని కొండమీదికి పంపాక అది తీరిగ్గా ఇక్కడికే వస్తే మేం ఏ ద్వారం దగ్గర కాపలా కాయాలి?"

రాజు మీసం మీదికి వెళ్ళిన చెయ్యి సగంలో ఆగింది. "ఆ సంగతి శాస్త్రంలో రాయలేదే."

"రాయలేదు కనకే మీరు రాయాలి. రేపటివాళ్ళు తమరి పేరు చెప్పుకుని చదువుకుంటారు."

రాజు మొహం వెలిగిపోయింది. "వీరకేసరీయం" అన్నాడు గబుక్కున. ఆ పేరు ఆయన ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నట్టుంది, రాయడానికి విషయమే ఇన్నాళ్ళూ దొరకలేదు. "ఎలా తెలుసుకుందామంటావు?"

"పైనున్న శనినీ కుజుణ్ణీ పిలిచి అడగలేం. కిందనున్నవాళ్ళతోనే చూడాలి. ఒకరి నీడ ఒకరికి గిట్టని ఇద్దర్ని ఒకే ఇంట్లో ఉంచాలి. తమరు దగ్గరుండి గమనించాలి. గండం ఎలా పుడుతుందో, ఎటు నడుస్తుందో కళ్ళారా తెలిసిపోతుంది."

"సేనాపతీ మంత్రీ ఉన్నారుగా, ఇద్దరికీ క్షణం పడదు."

"వాళ్ళది సభ వరకే, ప్రభూ. సాయంత్రమైతే కలిసి చదరంగం ఆడుకుంటారు." సేనాపతి, మంత్రి ఇద్దరూ పైకప్పు కేసి చూశారు.

రాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "మా అమ్మ, మా అత్తగారు" అన్నాడు.

సభలో ఎవరూ ఊపిరి తియ్యలేదు. ఆ రెండు మాటలూ ఒకే వాక్యంలో పలికే ధైర్యం ఆ రాజ్యంలో ఇంకెవరికీ లేదు.

రాజమాత లక్కమాంబకీ, వియ్యపురాలు ముప్పమాంబకీ మాటలు లేక చాలా ఏళ్ళయింది. పెళ్ళిలో మగపెళ్ళివారి పంక్తిలో రాజమాత బొబ్బట్టు మీద నెయ్యి పడలేదు. అంతే జరిగింది. తక్కినదంతా ఆ తర్వాత అటూ ఇటూ మాటలు మోసినవాళ్ళు చేర్చి పెట్టింది. ఇద్దరూ ఎదురుపడ్డా, "ఆవిడకి చెప్పవే", "ఈవిడతో అనవే" అని దాసీలతో చెప్పించడమే. ఇక్కడ చెప్పిన మాట అక్కడికి చేరేసరికి దానికి ముళ్ళు మొలిచేవి.

"ఏ ఇంట్లో ఉంచుదాం?" అన్నాడు రాజు.

"తమ బిడ్డ జాతకం కదా ప్రభూ, బిడ్డ ఉన్న ఇల్లే తగినది. పురిటిగదిలో ఉంచుదాం, ఉయ్యాల వేడుక వరకూ. దాసీలు నలుగురు ఉండొచ్చా?"

"ఎలా ఉంటారు?" రాజు అతని తెలివితక్కువతనానికి నవ్వాడు. "మూడో గ్రహం చూపు పడితే ఫలం మారిపోదూ? తల్లీబిడ్డలు తప్ప ఒక్క మనిషి కూడా మధ్యలో ఉండడానికి వీల్లేదు."

అహోబలయ్యకి దగ్గొచ్చింది.

"నిజమే, నాకు తట్టనే లేదు" అన్నాడు తిప్పన్న వినయంగా.

ఆ సాయంత్రమే అతను రాజమాత దగ్గరికి వెళ్ళి, రేపటినుంచి మనవరాలికి నీళ్ళు పోసేది వియ్యపురాలుగారేనని విన్నవించాడు. అక్కణ్ణుంచి విడిదికి వెళ్ళి, నీళ్ళు పోసేది రాజమాతేనట అని ముప్పమాంబకి చెప్పాడు. తెల్లారేసరికి ఇద్దరూ చెరొక నూనెగిన్నె పట్టుకుని పురిటిగదిలో ఉన్నారు. బిడ్డని వదిలి గడప దాటేది లేదని ఇద్దరికిద్దరూ భీష్మించుకున్నారు. ఇలా మాటలు మొయ్యడం తనకీ ఇదే ఆఖరని తిప్పన్న లోలోపల దణ్ణం పెట్టుకున్నాడు.

రాణికి మాత్రం అతను మూడే మాటలు చెప్పాడు. "ఎవరి మాటా ఎవరికీ చేరవెయ్యకండి. అడిగితే బాలింత నిద్ర నటించండి. వాళ్ళు ఒకర్నొకరు వదినా అని పిలుచుకునేదాకా కొండకోట సంగతి ఎత్తకండి."

వసారాలో రాజుకి పీట వేశారు. తాటాకులూ గంటం పట్టుకుని కూర్చున్నాడు. కిటికీకి తెర దించేశారు కాబట్టి ఏమీ కనపడదు, అన్నీ వినపడతాయి.

"కమలా, పిల్ల మాడుకి ఆముదమే పెట్టాలని ఆవిడకి చెప్పు" అంది రాజమాత. రాణి గురక పెట్టింది.

"అమ్మాయీ, మా వైపు నువ్వుల నూనే పెడతామని ఆవిడతో అను" అంది ముప్పమాంబ. గురక పెద్దదయింది.

"సరే, ఈ గోడకి చెప్తున్నాను, ఆముదం."

"గోడకి నేనూ చెప్తున్నాను, నువ్వుల నూనె."

గిన్నెలు దబాలుమన్నాయి. రాజు పొంగిపోయాడు. "విన్నావా? గ్రహయుద్ధం" అంటూ గంటం పరుగులు పెట్టించాడు. తిప్పన్న పైకి నవ్వుతూనే లోపల లెక్క వేసుకుంటున్నాడు. వీళ్ళు నిజంగానే కొట్టుకుని విడిపోతే పిల్ల కొండెక్కినట్టే. అందుకు కారణం తనే అవుతాడు.

పసిపిల్లకి నీళ్ళు పొయ్యడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు కాళ్ళు చాపుకుని బిడ్డని పడుకోబెట్టుకోవాలి, ఇంకొకరు చెంబుతో నీళ్ళు పొయ్యాలి. దాసీలు లేరు. రాణి లేవలేదు. రాజమాత కాళ్ళమీద పిల్ల నూనె ఓడుతూ గుక్కపట్టింది. నీళ్ళ బిందె ముప్పమాంబ పక్కన ఉంది.

లోపల ఒక్కసారి నిశ్శబ్దమైంది. "ఎవరో ఒకరు లేచిపోయారు" అని రాసుకోబోయాడు రాజు.

"పొయ్యండి" అంది రాజమాత. గోడతో కాదు.

"చెవిలో పడకుండా చెయ్యి అడ్డం పెట్టండి మరి" అంది ముప్పమాంబ.

నీళ్ళ చప్పుడు వినపడింది. పిల్ల ఏడుపు సన్నగిల్లి, కాసేపటికి ఊ ఊ అని ఊసుల్లోకి దిగింది. రాజు గంటం కింద పెట్టేశాడు. "ఇప్పుడెందుకు మానేసింది?" అని అడిగాడు, గ్రహాలని గురించి కాదు.

ఆ రోజునుంచి రాజు పొద్దున్నే వచ్చి పీట మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. శాస్త్రం కోసమే అనేవాడు. తాటాకు మీద మాత్రం "ఇవాళ తుమ్మింది", "ఇవాళ ఆలస్యంగా లేచింది" అని రాసుకునేవాడు.

లోపల సాంబ్రాణి పొగతో పాటు మాటలూ లేచాయి. "ఆ వేళ నేతి గిన్నె తెస్తున్నవాడు మీ గుర్రాన్ని చూసి బెదిరి పారేశాడండీ. వేరే నెయ్యి కాచేలోపల మీరు పంక్తి లేచిపోయారు" అంది ముప్పమాంబ.

"నాతో అలా చెప్పలేదే. మగపెళ్ళివాళ్ళకి నెయ్యి అలవాటుండదులే అని మీరన్నట్టు చెప్పింది దాసి."

"నా నోట ఆ మాట వస్తుందా? మరి మీరు మా వంటని పశువులు ముట్టవన్నారట."

"రామ రామ, ఎంత మాట. రెండు బొబ్బట్లు మూట కట్టించుకుని పల్లకిలో తిన్నాను, వదినా."

బాలింత నిద్రలో ఉన్న రాణి దిగ్గున లేచి కూర్చుంది.

అప్పుడు రాజు సభలో ఉన్నాడు. ఒక పొలం గట్టు తగాదా వింటూ, వాదిగారి జన్మనక్షత్రం అడుగుతున్నాడు. ఇంతలో పురిటి మైలని కూడా లెక్కచెయ్యకుండా వియ్యపురాళ్ళిద్దరూ సభలోకి వచ్చారు. పెద్దలు పంచెలు సర్దుకుని పక్కకి తప్పుకున్నారు. రాజమాత భుజాన పొత్తిగుడ్డల్లో పిల్ల ఉంది. రాజు చటుక్కున ఉత్తరీయంతో కళ్ళు కప్పుకున్నాడు.

"తియ్యరా ఆ గుడ్డ" అంది రాజమాత. "కన్నకూతుర్ని కొండకి తోలతావా? నువ్వు పుట్టినప్పుడు నీ జాతకంలో ఏముందో చెప్పమంటావా ఇంతమందిలో?"

"అమ్మా, సభ..."

"అల్లుడుగారూ" అంది ముప్పమాంబ, మెత్తగా, అదే ఎక్కువ భయపెట్టేలా. "కాన్పుకి పంపమంటే గ్రహాలన్నారు, ఊరుకున్నాను. ఇప్పుడు పిల్లనీ పంపేస్తే మీకు మిగిలేది గ్రహాలే. వాటికి నీళ్ళు పోసుకుంటూ కూర్చుంటారా?"

"బాగా అడిగారు వదినా" అంది రాజమాత.

ఇద్దరూ చెరొక వైపునుంచి మెట్లెక్కుతున్నారు. కళ్ళకి గుడ్డ ఉన్న రాజుకి గొంతులు దగ్గరవడం తెలిసింది. లేచి వెనక్కి తగ్గాడు, పక్కకి జరిగాడు, మెట్టు తప్పి ఆఖరి మెట్టుమీద కూలబడ్డాడు. కిరీటం ఊడి గణగణమంటూ దొర్లింది.

ఎవరూ కదల్లేదు. తిప్పన్న ఒక్కడే నడిచి వెళ్ళి కిరీటం తీసుకుని, అంగవస్త్రంతో తుడిచి, రాజు ముందు మోకరిల్లాడు. అతని మొహం వెలుగుతోంది.

"శుభం ప్రభూ. గండం గడిచిపోయింది."

"ఏమిటీ?"

"తండ్రి సింహాసనం దిగిపోతాడన్నారు, దిగారు. కిరీటం నేలపాలవుతుందన్నారు, అయింది. ఇంట్లో చేరిన ఇద్దరు శత్రువులూ కలిసి మీద పడతారన్నారు. ఇంతకంటే కలిసి పడగలరా? తమరు చెప్పిన ఫలంలో ఒక్క ముక్క పొల్లు పోలేదు, అంతా ఇవాళే తీరిపోయింది. తీరిపోయిన గండానికి పిల్లని కొండెక్కించడం ఎందుకు?"

రాజు ఉత్తరీయం కింద ఏమనుకున్నాడో ఎవరికీ తెలియదు. "సిద్ధాంతిగారూ" అన్నాడు చివరికి, "ఒకసారి తీరిన గండం మళ్ళీ వస్తుందా?"

అహోబలయ్య ఎన్నాళ్ళకో నిటారుగా నిలబడ్డాడు. "పాత పద్ధతిలో అయితే రాదు, ప్రభూ."

రాజు భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని మంత్రి కంగారుపడ్డాడు. గుడ్డ లాగి పారేసి రాజు పగలబడి నవ్వాడు. సభ అంతా నవ్వింది. ఆ నవ్వుకి బెదిరి పిల్ల ఏడుపు లంకించుకుంది. రాజు నవ్వు ఆపి రెండు చేతులూ చాపాడు. రాజమాత ఒక్క క్షణం కొడుకుని కళ్ళతోనే చీవాట్లు పెట్టి, పిల్లని ఆ చేతుల్లో ఉంచింది. మెట్టు మీదే కూర్చుని, కిరీటం లేని తలతో, ఆయన కూతురి మొహం చూశాడు. ఎంతసేపు చూశాడంటే, పొలం గట్టు తగాదావాళ్ళు తమలో తాము రాజీపడి వెళ్ళిపోయారు.

ఉయ్యాల వేడుకనాడు రాజు తిప్పన్నని పిలిచి, ఏం కావాలో కోరుకోమన్నాడు.

"తమరు నా జాతకం ఎప్పటికీ చూడకూడదు, ప్రభూ. అదొక్కటే కోరిక."

రాజు మళ్ళీ నవ్వాడు. తన మెడలోని ముత్యాల హారం తీసి తిప్పన్న మెడలో వేశాడు. ఆ రోజు సభలో ఏం జరిగిందో తనకి తెలియదనుకోవద్దని చెవిలో చెప్పాడు. తిప్పన్న ఏమీ తెలియనట్టు నిలబడ్డాడు. అది అతని ఉద్యోగమే.

అవతల పూలు కట్టిన ఉయ్యాలకి చెరోపక్కా వియ్యపురాళ్ళు నిలబడ్డారు. పిల్లకి మా అత్తగారి పేరు పెట్టాలని ఒకరు, మా ఇలవేల్పు పేరని ఒకరు. గొంతులు లేచాయి. మధ్యలో దాసీ లేదు, గోడా లేదు. "మీకు తెలియదు వదినా", "మీకే తెలియదు వదినా" అని నేరుగా అనుకుంటూనే ఇద్దరూ ఒకే తాడు పట్టుకుని ఊపుతున్నారు. పిల్ల హాయిగా నిద్రపోతోంది.

రాజు అటు చూసి కాస్త వెనక్కి జరిగాడు. "గండం మళ్ళీ మొదలైందంటావా, తిప్పన్నా?"

"లేదు ప్రభూ" అన్నాడు తిప్పన్న. "ఇల్లన్నాక ఇంతే."